వలస వెళ్ళిన చోటే రేషన్ బియ్యం: చంద్రశేఖరపురం ప్రాంత కార్డుదారులు తెలుసుకోవలసిన అంశాలు

చంద్రశేఖరపురం: భైరవకోన గుహాలయాలతో ప్రసిద్ధి చెందిన చంద్రశేఖరపురం మండలం పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని మెట్ట మండలాలలో ఒకటి. ఇక్కడి సేద్యం అధికభాగం వర్షాధారమైనది. వానలు సకాలంలో కురవని సంవత్సరం పొలం పనులు దొరకవు. అటువంటప్పుడు పొట్ట చేతబట్టుకొని హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలకు భవన నిర్మాణ పనుల కోసం, గుంటూరు ప్రాంతానికి మిరప కోతల కోసం తరలివెళ్ళడం చంద్రశేఖరపురం, పామూరు, కనిగిరి మొదలు మార్కాపురం, గిద్దలూరు వరకు గల పల్లెలకు కొత్త కాదు. ఇంటికి తాళం వేసి వెళ్ళేవారు కొందరైతే, వృద్ధులైన తల్లిదండ్రులను, బడికి వెళ్ళే పిల్లలను ఊరిలో ఉంచి వెళ్ళేవారు మరికొందరు.

ఇట్లా వెళ్ళిన కుటుంబాలలో అనేకం, రేషన్ కార్డు ఊరిలోని చౌకధరల దుకాణానికే పరిమితమన్న భావనతో, పట్టణంలో బియ్యాన్ని బహిరంగ మార్కెట్ ధరకు కొనుగోలు చేస్తుంటాయి. కార్డుపై రావలసిన బియ్యం నెలనెలా మురిగిపోతుంది. నిజానికి ఆహారభద్రత కార్డు కలిగిన కుటుంబం దేశంలో ఎక్కడ ఉన్నా తన బియ్యాన్ని అక్కడే పొందవచ్చును. అయితే దీనికి కొన్ని షరతులు, పరిమితులు ఉన్నాయి. బస్సు ఎక్కిన తరువాత కాక, ఊరు విడువక ముందే వాటిని తెలుసుకొనడం అవసరం.

చట్టం కల్పించిన హక్కు

ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రారంభమైన కిలో 2 రూపాయల బియ్యం పథకం పేదల ఆహారభద్రతకు పెద్ద పీట వేసింది. దేశవ్యాప్తంగా ఈ అవసరానికి చట్టబద్ధత కల్పించినది 2013 నాటి జాతీయ ఆహారభద్రత చట్టం. ఈ చట్టం ప్రకారం ప్రాధాన్యతా కుటుంబాలలోని ఒక్కొక్క సభ్యునికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ అన్న యోజన కుటుంబానికి, సభ్యుల సంఖ్యతో నిమిత్తం లేకుండా, నెలకు 35 కిలోల ఆహారధాన్యాలు అందజేయవలసి ఉన్నది. చట్టంలో బియ్యం ధర కిలోకు 3 రూపాయలుగా నిర్ణయించినప్పటికీ, 2023 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఈ ధాన్యాన్ని ఉచితంగా ఇస్తున్నది. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన కింద ఈ సదుపాయాన్ని 2024 జనవరి 1 నుంచి మరో ఐదేళ్ళకు పొడిగించినది.

తొలి అడుగు రెండు తెలుగు రాష్ట్రాలదే

చౌకధరల దుకాణాలలో 2015లో ఈ-పోస్ యంత్రాలు ప్రవేశించడంతో ఆంధ్రప్రదేశ్‌లో కార్డుదారుని గుర్తింపు కాగితం నుంచి వేలిముద్రకు మారినది. కార్డు వివరాలు కంప్యూటర్‌లో ఉండటం వలన, ఒక దుకాణంలో ఇచ్చిన సరుకు మరొక దుకాణానికి వెంటనే తెలిసే వీలు కలిగినది. రాష్ట్రంలోని ఏ దుకాణం నుంచైనా బియ్యం పొందగల పోర్టబిలిటీ విధానానికి ఇదే పునాది.

రాష్ట్రాల సరిహద్దు దాటి ఇదే సౌకర్యం కల్పించడం 2019 ఆగస్టు 9న మొదలైనది. ఆంధ్రప్రదేశ్–తెలంగాణ ఒక జంటగా, మహారాష్ట్ర–గుజరాత్ మరొక జంటగా తొలుత అనుసంధానమైనవి. 2020 జనవరి 1 నాటికి కర్ణాటక సహా 12 రాష్ట్రాలు, అదే సంవత్సరం అక్టోబరులో తమిళనాడు ఈ వ్యవస్థలో చేరినవి. కరోనా కాలంలో వలస కార్మికులు పడిన అవస్థలపై తనంతట తానుగా విచారణ చేపట్టిన సుప్రీంకోర్టు, 2021 జూలై 31 లోగా అన్ని రాష్ట్రాలు ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ విధానాన్ని అమలు చేయాలని 2021 జూన్ 29న తీర్పు ఇచ్చినది. 2022 జూన్‌లో అస్సాం చేరికతో దేశమంతా ఈ వ్యవస్థ పరిధిలోకి వచ్చినది. చంద్రశేఖరపురం వాసులు అధికంగా వెళ్ళే హైదరాబాదు, బెంగళూరు, చెన్నై మూడూ ఇందులో ఉన్నవే.

కార్డు ఏ కోవకు చెందినది?

కార్డుదారులు అన్నిటికంటె ముందు తెలుసుకోవలసిన విషయం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డులన్నీ చూపులకు ఒకే తీరుగా ఉన్నా, వాటిలో రెండు రకాలు కలవు. జాతీయ ఆహారభద్రత చట్టం కిందికి వచ్చే కార్డులు మొదటి రకం. ఆ చట్టపు పరిమితికి మించి రాష్ట్ర ప్రభుత్వం తన నిధులతో బియ్యం ఇస్తున్న కార్డులు రెండవ రకం.

రాష్ట్రం లోపల ఈ రెండు రకాల కార్డులూ ఏ దుకాణంలోనైనా చెల్లుతాయి. కనుక గుంటూరు మిరప తోటలకు, విజయవాడ నిర్మాణ పనులకు వెళ్ళేవారికి ఇబ్బంది లేదు. రాష్ట్రం వెలుపల మాత్రం మొదటి రకం కార్డు మాత్రమే చెల్లుతుంది. రెండవ రకం కార్డు కలవారు హైదరాబాదులోనో, బెంగళూరులోనో దుకాణానికి వెళితే యంత్రం ఆ కార్డును అంగీకరించదు. అందులో డీలరు చేయగలిగినది లేదు. ఆ కుటుంబంలో ఎవరైనా ఊరిలో ఉన్నట్లయితే వారే ఇక్కడ బియ్యం తీసుకొనడం మార్గం. తమ కార్డు ఏ రకానిదో ఊరి డీలరును గాని, తహసీల్దారు కార్యాలయంలోని పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారును గాని అడిగి తెలుసుకోవచ్చును.

ఇంటి వద్ద కొంత, పనిచోట కొంత

కుటుంబం రెండు చోట్ల ఉన్నప్పుడు బియ్యాన్ని పంచుకొనే వీలు ఈ విధానంలో ఉన్నది. ఉదాహరణకు, ప్రాధాన్యతా కార్డులో ఐదుగురు సభ్యులు గల కుటుంబానికి నెలకు 25 కిలోలు వస్తాయి. దంపతులు, ఒక బిడ్డ హైదరాబాదులో ఉండి, తాత, నాయనమ్మ చంద్రశేఖరపురంలో ఉన్నారనుకుందాం. హైదరాబాదులో 15 కిలోలు తీసుకొన్నచో, మిగిలిన 10 కిలోలు ఊరిలో పెద్దలు తీసుకోవచ్చును. హైదరాబాదులోనే మొత్తం 25 కిలోలు తీసుకొన్నట్లయితే ఆ నెలకు ఊరిలోని పెద్దలకు బియ్యం ఉండదు. కార్డు ఒక్కటే, లెక్కా ఒక్కటే. కనుక ఎవరు ఎంత తీసుకోవాలో ప్రతి నెలా మొదట్లోనే ఫోనులో మాట్లాడుకొనడం మంచిది. ఒక నెల తీసుకోని బియ్యం మరుసటి నెలకు చేరదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇతర రాష్ట్రంలో లభించేది కేంద్ర చట్టం కింద నిర్ణయించిన ధాన్యం మాత్రమే. పంచదార, కందిపప్పు వంటి సరుకులను సొంత రాష్ట్రం తన కార్డుదారులకు ఇస్తున్నప్పుడు, వాటిని ఇక్కడే తీసుకోవాలి. అదే విధంగా ఆతిథ్య రాష్ట్రం తన ప్రజలకు సొంత నిధులతో ఇచ్చే అదనపు ధాన్యం వలస వచ్చినవారికి వర్తించదు. ఆ రాష్ట్రంలో ఏ ధాన్యం పంపిణీలో ఉంటే అదే లభిస్తుంది.

దుకాణంలో చేయవలసినది

పనిచోట ఉన్న చౌకధరల దుకాణానికి వెళ్ళి రేషన్ కార్డు సంఖ్యను గాని, ఆధార్ సంఖ్యను గాని డీలరుకు తెలుపవలెను. కార్డును వెంట తీసుకువెళ్ళవలసిన అవసరం లేదు. దానిని ఇంటి వద్ద పెద్దల దగ్గరే ఉంచవచ్చును. కార్డులో పేరుండి, ఆధార్ అనుసంధానమైన కుటుంబ సభ్యులలో ఎవరైనా వేలిముద్ర లేదా కనుపాప ద్వారా ధ్రువీకరణ ఇవ్వవచ్చును. చట్టం ప్రకారం కార్డులో కుటుంబ పెద్దగా నమోదయ్యేది ఇంటిలోని పెద్ద వయసు మహిళ. ఆమె ఊరిలో ఉన్నప్పటికీ, వలస వెళ్ళిన కొడుకో, కోడలో బియ్యం పొందడానికి అభ్యంతరం లేదు. ధ్రువీకరణ పూర్తి కాగానే యంత్రం ఇచ్చే రశీదును అడిగి తీసుకొని, తూకం సరిచూసుకోవాలి.

పంపిణీ రోజులు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాహనాల ద్వారా పంపిణీ విధానం స్థానంలో 2025 జూన్ 1 నుంచి దుకాణాల ద్వారా పంపిణీ తిరిగి మొదలైనది. ప్రతి నెల 1వ తేదీ నుంచి 15వ తేదీ వరకు దుకాణాలలో సరుకులు ఇవ్వాలని, 65 ఏళ్ళు పైబడినవారికి, దివ్యాంగులకు ఇంటి వద్దనే అందించాలని ఆ సందర్భంలో ప్రభుత్వం నిర్ణయించినది. పిల్లలు వలస వెళ్ళగా ఒంటరిగా మిగిలిన వృద్ధులు ఈ సదుపాయం గురించి తమ డీలరును అడగాలి.

వేలిముద్ర పడనప్పుడు

సిమెంటు, ఇటుక, మట్టి పనులు చేసేవారికి చేతివేళ్ళ గీతలు అరిగిపోవడం సహజం. యంత్రం ఒక వేలిని గుర్తించనిచో మరొక వేలితో, ఆ తరువాత కనుపాపతో ప్రయత్నించమని డీలరును కోరవచ్చును. కుటుంబంలో వేరొక సభ్యుని ధ్రువీకరణ కూడా చెల్లుతుంది. మళ్ళీ మళ్ళీ ఇదే ఇబ్బంది ఎదురైతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలను నవీకరించుకొనడమే శాశ్వత పరిష్కారం. వలస వెళ్ళేముందు ఒకసారి ఊరి దుకాణంలో కుటుంబంలోని పెద్దలందరూ వేలిముద్ర వేసి చూసుకొన్నట్లయితే, పరాయి ఊరిలో వెనుదిరిగి రావలసిన అగత్యం ఉండదు.

ఫోనులోనే కార్డు ఖాతా

కార్డు లావాదేవీలను కార్డుదారుడే స్వయంగా పరిశీలించుకొనేందుకు కేంద్ర ప్రభుత్వం 2021 మార్చి 12న ‘మేరా రేషన్’ యాప్‌ను ప్రారంభించినది. 2024లో దీని రెండవ రూపం వచ్చినది. ఆధార్ సంఖ్య నమోదు చేసి, ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారా ఇందులో ప్రవేశించవచ్చును. కుటుంబ సభ్యుల వివరాలు, నెలకు రావలసిన ధాన్యం, గతంలో తీసుకొన్న వివరాలు, సమీపంలోని దుకాణాలు ఇందులో కనిపిస్తాయి. తాము తీసుకోని నెలలో తీసుకొన్నట్లు నమోదై ఉంటే వెంటనే తెలిసిపోతుంది. నెలకొకసారి ఈ వివరాలు చూసుకొనడం, పాసుపుస్తకంలో జమాఖర్చులు చూసుకొనడం వంటిదే.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలలోనూ బియ్యం కార్డు సేవలను చేర్చినది. 9552300009 సంఖ్యకు ‘హాయ్’ అని సందేశం పంపి వీటిని పొందవచ్చును. కార్డులో పేర్ల చేర్పు, తొలగింపు, చిరునామా మార్పు, తప్పుగా నమోదైన ఆధార్ సవరణ వంటి వాటికి గ్రామ సచివాలయంలోనూ దరఖాస్తు చేసుకొనే ఏర్పాటు ఉన్నది. ఫోను సంఖ్య మారినవారు ముందుగా ఆధార్‌లో దానిని మార్పించుకోవాలి. లేనిచో ఓటీపీ పాత సంఖ్యకే వెళుతుంది. ఓటీపీని ఫోనులో అడిగేవారు ఎవరైనా సరే, ఎంత నమ్మకంగా మాట్లాడినా సరే, చెప్పరాదు.

ఆరు నెలల గడువు

కార్డును వాడకుండా వదిలివేయడం వలన కలిగే నష్టం ఆ నెల బియ్యంతో ముగిసిపోదు. కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వును సవరించినది. దీని ప్రకారం వరుసగా ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా నిలిపివేసి, మూడు నెలలలోగా ఇంటింటి విచారణ, ఈకేవైసీ జరిపి అర్హతను తేల్చవలసి ఉన్నది. తాళం వేసి ఉన్న ఇంటి ముందు ఆ విచారణ ఎట్లా ముగుస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. సొంత ఊరిలో గాని, వలస వెళ్ళిన చోట గాని బియ్యం తీసుకొంటూ ఉన్న కార్డు వాడుకలో ఉన్నట్లే లెక్క. కావున వలస కుటుంబాలకు పోర్టబిలిటీ అంటే ఈ నెల అన్నం మాత్రమే కాదు, రేపటి కార్డు కూడా.

ఆధార్ ద్వారా సభ్యుని గుర్తింపును నిర్ధారించే ఈకేవైసీని ఐదేళ్ళకొకసారి పూర్తి చేయాలని కూడా ఆ సవరణ నిర్దేశించినది. పండుగలకు ఊరికి వచ్చినప్పుడు కుటుంబ సభ్యులందరూ దుకాణానికి వెళ్ళి ఈ పని ముగించుకొనడం సులభం. ఒకే వ్యక్తి పేరు రెండు కార్డులలో ఉండరాదు. పట్టణంలో స్థిరపడి అక్కడ కొత్త కార్డు కోరేవారు ముందుగా ఇక్కడి కార్డు నుంచి తమ పేరు తొలగింపజేసుకోవాలి.

డీలరు నిరాకరిస్తే

కార్డు అర్హమైనదై, సరుకు నిల్వ ఉండి కూడా పరాయి రాష్ట్రం వారన్న కారణంతో డీలరు నిరాకరించడం తగదు. అటువంటి సందర్భంలో ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ సహాయ కేంద్రం 14445కు, లేదా ప్రజాపంపిణీ సహాయ కేంద్రం 1967కు ఫోను చేయవచ్చును. ఆహారభద్రత చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంటారు. కార్డు సంఖ్య, దుకాణం సంఖ్య, వెళ్ళిన తేదీ రాసిపెట్టుకొన్నచో ఫిర్యాదు త్వరగా పరిష్కారమవుతుంది.

ఊరు విడిచే ముందు కార్డు ఏ రకానిదో అడగడం, కుటుంబ సభ్యులందరి ఈకేవైసీ, ఫోను సంఖ్య సరిచూసుకొనడం, కార్డు సంఖ్యను ఫోనులో రాసుకొనడం అనే మూడు పనులకు ఒక పూట చాలు. దేశంలో 5 లక్షలకు పైగా ఉన్న చౌకధరల దుకాణాలలో దేనిలోనైనా తమ వాటా తాము పొందే హక్కును చంద్రశేఖరపురం ప్రాంత కార్డుదారులు పూర్తిగా సద్వినియోగం చేసుకోవలసి ఉన్నది.