నగ్రిగ్ నుండి ఆన్‌ఫీల్డ్ వరకు: మొహమ్మద్ సలాహ్ క్రీడాజీవితము

నైలు నది మధ్యధరా సముద్రమున కలియుటకు ముందు పాయలుగా చీలి, కాలువలతోను పంటపొలములతోను నిండిన విశాలమైన డెల్టాను ఏర్పరచినది. ఆ డెల్టాలో, గర్బియా రాష్ట్రమునందలి బస్యూన్ పట్టణమునకు సమీపమున, నగ్రిగ్ అను గ్రామము గలదు. మొహమ్మద్ సలాహ్ 1992 జూన్ 15వ తేదీన ఈ గ్రామమునందే జన్మించినాడు. ప్రసిద్ధులైన ఫుట్‌బాల్ ఆటగాళ్ల జీవితములను వ్రాయువారు సాధారణముగా గోల్స్ సంఖ్యతో ఆరంభించి కప్పుల పట్టికతో ముగింతురు. మేము ఆ పట్టికను వీలైనంత కుదించి, ఇతని ప్రయాణము ఏయే చోట్ల ఆగిపోవలసి యుండియు ఆగలేదో, అందుకు కారణము లేవియో పరిశీలింపదలచినాము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మన ఉర్దూ విభాగపు మిత్రులకు 'సలాహ్' అనగా ఆలోచన చెప్పుట. అరబ్బీలో ఈ పదమునకు మంచితనము, సత్ప్రవర్తన అని అర్థము. సలాహుద్దీన్ అను పేరులో ఉన్నది ఇదే. నమాజునకు అరబ్బీలో గల 'సలాత్' వేరొక పదము.

ఈజిప్టునకు ఫుట్‌బాల్ క్రొత్త క్రీడ కాదు. మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వమే హుస్సేన్ హెగాజీ అను ఈజిప్టు యువకుడు ఇంగ్లండులో డల్విచ్ హామ్లెట్, ఫుల్‌హామ్ క్లబ్బుల పక్షమున ఆడినాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో ఆ దేశము నాలుగవ స్థానము పొందినది. 1934లో ఇటలీలో జరిగిన ప్రపంచకప్ పోటీలలో ఆడి, ఆ గౌరవము పొందిన తొలి ఆఫ్రికా దేశముగాను, తొలి అరబ్బు దేశముగాను నిలిచినది. 1956లో సూయజ్ కాలువపై జరిగిన దాడి కారణముగా మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు ఈజిప్టు వెళ్లలేదు. మన హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు నాలుగవ స్థానమునకు చేరినది ఆ క్రీడలలోనే యని పాఠకులకు గుర్తు చేయుచున్నాము. ఇటీవలి కాలమున 2006, 2008, 2010 సంవత్సరములలో ఈజిప్టు వరుసగా మూడుసార్లు ఆఫ్రికా కప్పును గెలిచినది. అయినను 1990 తరువాత ప్రపంచకప్ ద్వారము మాత్రము దానికి తెరచుకొనలేదు. ఒక తరము ఆటగాళ్లు ఆ కోరిక తీరకుండగనే ఆట విరమించినారు. సలాహ్ పెరిగినది ఈ వెలితి నడుమనే.

పదునాలుగేండ్ల ప్రాయమున అతనికి కైరోలోని అల్ ముకావలూన్ క్లబ్బులో స్థానము లభించినది. ముకావలూన్ అనగా కాంట్రాక్టర్లు; అది ఒక నిర్మాణ సంస్థకు చెందిన క్లబ్బు. గ్రామము నుండి అచటికి ఒకే బస్సు లేదు. నగ్రిగ్ నుండి బస్యూన్, బస్యూన్ నుండి తంతా, తంతా నుండి కైరోలోని రామ్సెస్ స్టేషను, అచట నుండి నస్ర్ సిటీ - ఇట్లు మూడు నాలుగు బస్సులు, ఒక్కొక్కప్పుడు ఐదు, మారవలసి యుండెడిది. ఒక వైపు ప్రయాణమే నాలుగు, నాలుగున్నర గంటలు. వారమునకు ఐదు దినములు, మూడు నాలుగు సంవత్సరములు ఈ ప్రయాణము సాగినట్లు సలాహ్ స్వయముగా చెప్పియున్నాడు. ఉదయము ఏడు గంటలకు పాఠశాలకు పోయి, తొమ్మిది గంటలకు బయలుదేరి, మధ్యాహ్నము రెండు గంటల వేళకు క్లబ్బు చేరి, సాయంత్రము ఆరు గంటల వరకు అభ్యాసము చేసి, రాత్రి పది, పదిన్నరకు ఇల్లు చేరి, భోజనము చేసి నిద్రించుట - ఇది అతని దినచర్య.

ఈ దినచర్యలో మా దృష్టిని ఆకర్షించిన అంశము బస్సుల సంఖ్య కాదు; పాఠశాల వారిచ్చిన ఒక కాగితము. క్లబ్బునకు పోవుటకై ఈ విద్యార్థి త్వరగా వెళ్లవచ్చునని అనుమతించిన అధికారిక పత్రమది. దానివలన చదువు దెబ్బతిన్న మాట నిజము. దినమునకు రెండు గంటల చదువుతో ఎవ్వరును పండితులు కాజాలరు. తాను చదువులో చురుకైనవాడను కానని అతడే ఒప్పుకొన్నాడు. ఫుట్‌బాల్‌లో విఫలుడైయుండిన యెడల ఆ బాలుని గతి యేమయ్యెడిదో ఊహింపదగినదే. ఇట్టి బస్సులెక్కి, ఇట్టి అనుమతులు పొంది, ఆటగాళ్లు కాలేకపోయినవారి కథలు ఏ పత్రికలోను అచ్చుకావు. కావున పాఠశాల చేసిన పనిని ఆదర్శముగా చూపుటకు మేము వెనుకాడుచున్నాము. కాని ఆ కాగితము లేనిచో ఈ వ్యాసమునకు విషయమే యుండదు.

క్లబ్బులో అతనిని మొదట ఎడమ వైపు రక్షణ స్థానమున ఆడించుచుండిరి. ఒక పందెములో జట్టు 4-0 తేడాతో గెలిచినది. కాని తనకు దొరికిన అవకాశములను గోల్స్‌గా మలచలేకపోతినని సలాహ్ కన్నీరు పెట్టుకొన్నాడట. రక్షకుడు గోల్ చేయనందుకు ఏడ్చుట అరుదైన విషయము. అది గమనించిన శిక్షకుడు అతనిని కుడి అంచునకు మార్చినాడు. ఇందలి మర్మమును ఆట తెలియని పాఠకుల కొరకు వివరింతుము. పూర్వము కుడి అంచున కుడికాలి ఆటగాడు ఆడుట ఆచారము. అతడు గీత వెంబడి పరుగెత్తి బంతిని మధ్యకు పంపెడివాడు. సలాహ్‌ది ఎడమకాలు. ఎడమకాలి ఆటగాడు కుడి అంచు నుండి లోపలికి తిరిగినపుడు గోల్ మొత్తము అతని బలమైన కాలికి ఎదురుగా వచ్చును. లోపలి దారిని మూసిన యెడల బయటి దారి, బయటి దారిని మూసిన యెడల లోపలి దారి తెరచుకొనును. అతని వంటి వేగము గల ఆటగాని ముందు రక్షకునకు రెండింటిని మూయుట కష్టము.

2010 మేలో ఈజిప్టు లీగ్‌లో అడుగుపెట్టిన సలాహ్, ఆ డిసెంబరులో అల్ అహ్లీ జట్టుపై తన తొలి లీగ్ గోల్ చేసినాడు. కైరోలోని మరియొక పెద్ద క్లబ్బైన జమాలెక్ అధ్యక్షుడు మాత్రము, ఈ యువకుడు ఇంకను చాల శ్రమింపవలసి యున్నదని చెప్పి తీసుకొనుటకు నిరాకరించినాడు. అటుపై 2012 ఫిబ్రవరి 1వ తేదీన పోర్ట్ సయీద్ మైదానములో జరిగిన ఘోరకలిలో 74 మంది ప్రాణములు కోల్పోయినారు. దేశమునందు లీగ్ పోటీలు నిలిచిపోయినవి. పోటీలు లేని దేశమున ఆటగానికి బ్రతుకు లేదు.

అప్పుడు స్విట్జర్లండునకు చెందిన బాసెల్ క్లబ్బు, ఈజిప్టు 23 ఏండ్ల లోపు జట్టుతో ఒక స్నేహపూర్వక పందెము ఏర్పాటు చేసినది. 2012 మార్చి 16న జరిగిన ఆ పందెములో సలాహ్ రెండవ అర్ధభాగమున మాత్రమే ఆడినాడు. నలుబదియైదు నిమిషములలో రెండు గోల్స్ చేసినాడు. ఈజిప్టు 4-3తో గెలిచినది. కొలది దినములలోనే బాసెల్ వారు నాలుగేండ్ల ఒప్పందము చేసికొన్నారు. అదే సంవత్సరము లండన్ ఒలింపిక్స్‌లో మూడు గ్రూపు పందెములలోను ఒక్కొక్క గోల్ చేసినాడు.

బాసెల్ పక్షమున ఛెల్సీపై మెరుగుగా ఆడినందున 2014 జనవరిలో ఆ ఛెల్సీ వారే అతనిని కొనుగోలు చేసినారు. అచట అతని కాలము ఎక్కువగా బల్లపైనే గడచినది. లీగ్‌లో చేసినవి రెండే గోల్స్. ఆ వేసవిలోనే ఈజిప్టులో అతని విద్యా నమోదును అధికారులు రద్దు చేయగా, విద్యార్థిగా వచ్చిన వాయిదా పోయి, నిర్బంధ సైనిక సేవకు మరలి రావలసిన పరిస్థితి ఏర్పడినది. ప్రధానమంత్రి స్థాయిలో చర్చ జరిగి మినహాయింపు లభించినది. బాల్యమున ఒక కాగితము దారి తెరువగా, ఇరువదిరెండేండ్ల వయసున మరియొక కాగితము దానిని మూయబోయినది.

2015లో ఛెల్సీ అతనిని ఇటలీలోని ఫియొరెంటినాకు, అటుపై రోమాకు పంపినది. మన పల్లెలలో పొరుగువారి వస్తువును ఎరువు తెచ్చుకొన్నట్లు, ఒక క్లబ్బు ఆటగానిని మరియొక క్లబ్బు కొంత కాలమునకు తెచ్చుకొనుట ఈ వృత్తిలో గలదు. ఎరువు పోయిన ఆటగాడు సాధారణముగా మరుగున పడును. ఇతడు అచటనే నిలదొక్కుకొన్నాడు. 2016లో రోమా అతనిని పూర్తిగా కొన్నది. 2017 జూన్‌లో లివర్‌పూల్ వారు సుమారు 4 కోట్ల 20 లక్షల యూరోలకు తీసుకొన్నారు. ఛెల్సీలో విఫలుడైనవాడని ఇంగ్లండు పత్రికలలో కొందరు సందేహించినారు. శిక్షకుడు యుర్గెన్ క్లాప్ పద్ధతిలో మధ్యనున్న ఫిర్మినో వెనుకకు జరిగి రక్షకులను తనతో లాగుచుండగా, ఖాళీయైన చోటునకు సలాహ్, మానే ఇరువైపుల నుండి దూసుకొని వచ్చెడివారు. ఫలితముగా 2017-18లో అతడు లీగ్‌లో 32 గోల్స్ చేసినాడు. 38 పందెముల సీజనులో అంతవరకు అది అత్యధికము. 2022-23లో హాలండ్ 36 గోల్స్‌తో దానిని దాటినాడు.

2017 అక్టోబరు 8న అలెగ్జాండ్రియా సమీపమున బోర్గ్ అల్ అరబ్ మైదానములో కాంగోతో పందెము. సలాహ్ చేసిన గోల్‌తో ఈజిప్టు ముందంజ వేసినది. కాని 87వ నిమిషమున కాంగో స్కోరు సమము చేసినది. సలాహ్ నేలపై కూలబడి, వెంటనే లేచి ప్రేక్షకులను ఉత్సాహపరచినాడు. అదనపు కాలమున, 95వ నిమిషమున లభించిన పెనాల్టీని అతడే కొట్టినాడు. ఇరువదియెనిమిదేండ్ల తరువాత ఈజిప్టు ప్రపంచకప్ ఆడుటకు అర్హత పొందినది. అయితే 2018 మే 26న కీవ్‌లో జరిగిన యూరప్ ఫైనల్‌లో భుజమునకు గాయమై, ఆ ప్రపంచకప్ తొలి పందెమున అతడు ఆడలేకపోయినాడు. తరువాతి రెండింట గోల్స్ చేసినను ఈజిప్టు మూడును ఓడినది. 2019 జూన్ 1న, రంజాను మాసపు చివరి దినములలో, మాడ్రిడ్ ఫైనల్‌లో రెండవ నిమిషముననే పెనాల్టీ గోల్ చేసి యూరప్ కప్పును అందుకొన్నాడు.

దేశము తరఫున మాత్రము అతనికి చేదు తప్పలేదు. 2022 ఫిబ్రవరి 6న ఆఫ్రికా కప్ ఫైనల్‌లో సెనెగల్‌తో పెనాల్టీలు వచ్చినవి. నమ్మకమైన వానిని చివరికి ఉంచుట ఆనవాయితీ. సలాహ్‌ను ఐదవ స్థానమున ఉంచినారు. అతని వంతు రాకముందే పందెము ముగిసినది. మార్చి 29న డాకర్ సమీపమున అదే సెనెగల్‌తో ప్రపంచకప్ అర్హత పందెము కూడ పెనాల్టీలకు వచ్చినది. ఈ మారు అతడే ముందుగా పోయినాడు. ప్రేక్షకులు ముఖముపై ఆకుపచ్చని లేజరు కాంతులు ప్రసరింపజేయుచుండగా కొట్టిన బంతి గోల్‌పై నుండి పోయినది. చివర నుంచిన యెడల వంతు రాలేదు, మొదట నుంచిన యెడల గురి తప్పినది. దీనిని బట్టి శిక్షకుని తప్పుబట్టుట మాకు న్యాయముగా తోచదు.

ఇక మన కళాశాల విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలసిన విషయమొకటి గలదు. గోల్ చేసిన పిమ్మట సలాహ్ నేలకు నుదురు ఆనించి సజ్దా చేయుట లోకమెరిగినదే. లివర్‌పూల్ అభిమానులు అతని మతమును మెచ్చుకొనుచు హాస్యముగా పాటలు కట్టుకొన్నారు. దీనికి మరియొక పార్శ్వమును గలదు. 2019 ఏప్రిల్‌లో ఛెల్సీ అభిమానులు కొందరు అతనిని బాంబులు వేయువానిగా నిందించు పాట పాడుచున్న చిత్రము బయటపడగా, ఆ క్లబ్బు వారిలో ముగ్గురిని పందెమునకు రానీయలేదు. మూడు దినములకు ఆన్‌ఫీల్డ్‌లో అదే ఛెల్సీపై దూరము నుండి కొట్టిన సలాహ్ గోల్‌ను చూచినవారు మరువలేరు.

అభిమానము ఆట వరకేనా, ఇరుగుపొరుగు వారి వరకు పోవునా యని కొందరు పరిశోధకులు పరిశీలించి, 2021లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ పత్రికలో ఫలితములు ప్రకటించినారు. సలాహ్ వచ్చిన పిదప లివర్‌పూల్ గల మెర్సీసైడ్ ప్రాంతమున ద్వేషపూరిత నేరములు, అతడు రాని యెడల ఉండదగిన సంఖ్యతో పోల్చగా, 16 శాతము తగ్గినవనియు, లివర్‌పూల్ అభిమానులు ట్విట్టరులో ముస్లింలను దూషించు వ్రాతలు ఇతర పెద్ద క్లబ్బుల అభిమానులతో పోల్చగా సగమైనవనియు వారు తేల్చినారు. ద్వేషమునకు గురియగువారు ఆటగాళ్లు కారు. అంగడి నడుపువారు, బస్సులో పోవు స్త్రీలు, పాఠశాల బాలురు. ఎన్నడును బంతి ముట్టనివారికి కొంత నెమ్మది లభించినదన్నమాట. ఇది సంతోషింపదగినదే. కాని ఒక మనిషి తన పొరుగువాని చేత మర్యాద పొందుటకు ఎవరో ఒకరు 32 గోల్స్ చేయవలసి రావడము మాకు అంత సులభముగా మింగుడుపడలేదు. చెల్సీలో బల్లపై కూర్చున్న సలాహ్ కూడ ఈ సలాహే గదా!

2024-25లో 29 గోల్స్ చేసి, 18 గోల్స్‌కు సహాయపడి, లివర్‌పూల్‌ను లీగ్ విజేతగా నిలుపుటలో ప్రధాన పాత్ర వహించినాడు. వృత్తి ఆటగాళ్ల సంఘము వారి ఉత్తమ ఆటగాడు బహుమతిని 2018, 2022, 2025లలో మూడుసార్లు పొందిన తొలి వ్యక్తి అతడే. బస్యూన్‌లో అతడు చదివిన పారిశ్రామిక పాఠశాలకు అతని పేరు పెట్టినారు. కాంగో పందెము జరిగి సరిగా ఎనిమిదేండ్లు నిండిన దినమున, 2025 అక్టోబరు 8న, కాసాబ్లాంకాలో జిబూతీపై 3-0 విజయముతో ఈజిప్టు 2026 ప్రపంచకప్‌కు అర్హత సంపాదించినది. అందు రెండు గోల్స్ సలాహ్‌వే.