తనంతట మారు గేరు: ముసలి వ్యాను మొరాయించినప్పుడు

కొండదారి నెక్కుచున్న పాత వ్యానులో ఇంజను గొంతు చించుకొని అరచుచుండును. బండి మాత్రము నత్తనడక నడచుచుండును. చోదకుడు పెడలు నెంత త్రొక్కినను హోరు హెచ్చునే కాని వేగము హెచ్చదు. ఇంజనునకును చక్రములకును నడుమ నెచ్చటనో శక్తి జారిపోవుచున్నదన్నమాట. పాత ఫోక్సువాగన్ వ్యానులను ప్రాణప్రదముగా కాపాడుకొనువారిలో పలువురి కీ యనుభవము క్రొత్తది కాదు. అట్టివేళ వారి యెదుట నిలుచు ప్రశ్న యొక్కటే. ఈ గేరుపెట్టె నిజముగా చచ్చినదా? లేక చిన్న జబ్బుతో బాధపడుచున్నదా? తొందరపడి చచ్చినదన్నచో పెద్దమొత్తము వ్యర్థమగును. చిన్న జబ్బే కదా యని ఉపేక్షించినచో ఉన్న పెట్టెయు మిగులదు.

1947లో బెన్ పోన్ అను డచ్చి వర్తకుడు తన నోటుపుస్తకములో గీసిన చిన్న బొమ్మ ఈ వ్యానునకు మూలము. 1950లో జర్మనీలో దాని తయారీ మొదలైనది. 1967లో రెండవ తరము వచ్చినది. అంతవరకు చోదకుడు క్లచ్చి త్రొక్కి, చేతితో గేరు మార్చుకొనవలసినదే. గేరు తనంతట మారు ఏర్పాటు 1973 నమూనాలనుండి కోరినవారికి లభించినది. జర్మనీలో ఆ తరము తయారీ 1979లో ముగిసినది గనుక, అందలి చివరి బండికి సైతము నేడు నాలుగు దశాబ్దములు దాటినవి.

జబ్బు తెలియవలెనన్నచో ముందు దేహధర్మము తెలియవలెను. రెండు విద్యుత్పంకాల నెదురెదురుగా నుంచి ఒకదానిని మాత్రమే నడపుడు. దాని గాలి తగిలి రెండవది, తీగె లేకుండగనే, మెల్లగా తిరుగసాగును. గాలికి మారుగా నూనెను, పంకాలకు మారుగా రెక్కల చక్రములను ఊహించినచో టార్కు కన్వర్టరు బోధపడును. రెండు చక్రముల నడుమ మూడవది యొకటి యుండి, మరలివచ్చు నూనెను అనుకూలమైన దిక్కునకు త్రిప్పి బలమును హెచ్చించును. హెర్మన్ ఫొట్టింగర్ అను జర్మను ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందెను. ఆయన తలపెట్టినది కారులకు కాదు, ఓడలకు!

దాని వెనుక నుండునవి గ్రహచక్రములు. నడుమ సూర్యచక్రము, దాని చుట్టును గ్రహచక్రములు, వెలుపల పళ్ల వలయము. వీనిలో ఒకదానిని కదలకుండ పట్టినచో ఒక వేగము, వేరొకదానిని పట్టినచో మరియొక వేగము వచ్చును. పట్టుకొనునవి ఉక్కుపట్టీలును క్లచ్చిబిళ్లలును. వానిని బిగించునది నూనె యొత్తిడి. శక్తిని మోయుట, పట్టీలను బిగించుట, పళ్లకు జారుదల నిచ్చుట, వేడిని కొనిపోవుట అను నాలుగు పనులను నూనె యొక్కటే చేయుచున్నది. కనుకనే పరీక్ష నూనెతో ప్రారంభము కావలెను.

బండిని చదునైన నేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, నూనె వేడెక్కిన పిమ్మట, ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా, మీటను న్యూట్రలులో నుంచి కొలతకడ్డీని తీసి చూడవలెను. మట్టము తగ్గినచో పంపు నూనెతోపాటు గాలిని పీల్చును. ఒత్తిడి చాలక పట్టీలు జారును. నూనె ఎఱ్ఱగా తేటగా నున్నచో ఆశ కలదు. గోధుమరంగు తిరిగి మాడువాసన కొట్టినచో క్లచ్చిబిళ్లల పూత కాలినదని యనుమానింపవలెను. పాలు కలిపినట్లున్నచో నీరు చేరినదన్నమాట.

ఒక్కొక్కప్పుడు వింత జరుగును. నేలపై చుక్కయైన పడదు. కొలతకడ్డీపై నూనె మాత్రము దినదినము తగ్గును. పొగగొట్టమునుండి తెల్లనిపొగ వెడలును. ఇంజను చెడినదని యజమాని తల పట్టుకొనును. అసలు దొంగ వాక్యూం మాడ్యులేటరు అను చిన్న డబ్బీ. ఇంజను పీల్పును బట్టి, అది మోయు బరువును గేరుపెట్టెకు తెలుపుట దాని పని. అందలి రబ్బరుపొర చినిగినచో ఇంజను ఆ గొట్టముగుండ నూనెను పీల్చి కాల్చివేయును. గేర్లు కుదుపుతో మారును. గొట్టమును ఊడదీసి లోపల నూనెతడి కలదేమో చూచినచో గుట్టు బయటపడును. డబ్బీ మార్చి నూనె నింపినచో, అంతకుముందే బిళ్లలు కాలియుండనిచో, బండి మరల నడచును.

నూనె మాయమగుటకు వేరొక దారియు కలదు. ఈ వ్యానులో చక్రములను త్రిప్పు చివరి పళ్లకు వేరునూనె యున్నది. నడుమనున్న సీలు అరిగినచో ఒక గదిలోని నూనె రెండవ గదిలోనికి చేరును. అచ్చటి మట్టము పెరిగినచో ఇదియే కారణమని యెఱుగవలెను. అప్పుడు పెట్టెను దింపక తప్పదు. లక్షణ మొక్కటియే, వ్యయము మాత్రము వేరు.

బిళ్లలు నిజముగా కాలినచో క్రొత్తనూనె వానికి ప్రాణము పోయలేదు. అడుగుపళ్లెములో లోహపు ముక్కలు కనబడినచో పెట్టెను విప్పి బాగుచేయించుటయో, చేతిగేరు అమర్చుకొనుటయో మిగిలినది. చేతిగేరుతో బండి నడచును. కాని క్లచ్చి పెడలు మొదలుకొని పెక్కుభాగములు మారి, బండి తొల్లిటి రూపము చెడును.

దారిలో ఆగినవేళ మన యూళ్లలో జీపును నలుగురు తోసి నడిపించినట్లు దీనిని నడిపింపజాలము. నూనెపంపును త్రిప్పునది ఇంజనే. అది నిలిచినచో పంపును నిలుచును. కనుకనే వెనుకచక్రములు నేలనుండగా దీనిని చాలదూరము లాగరాదు. అట్లు లాగినచో నూనె యందక, బాగుపడవలసిన పెట్టెయే పాడగును. వెనుకభాగము నెత్తి కొనిపోవుటయే క్షేమము.

ఇన్ని గదులు, ఇన్ని పొరలు, ఇన్ని పళ్లు గల యంత్రమునకు అరచేతిలో నిముడు డబ్బీలోని పలుచని రబ్బరుపొర ప్రాణాధారమగుట చిత్రమే. ముసలి వ్యానును ప్రేమించువాడు సుత్తి చేతబట్టుటకు ముందు కొలతకడ్డీని చేతబట్టవలెను.