దంపతులు కలిసి నవల చదువుట



కోడండ్రు నవలలు పట్టుకొని కూర్చుండుటచే కాపురములు చెడుచున్నవని నాతో మొరపెట్టుకొన్నవారు మీలో కొందఱు కలరు. ఒకప్పుడు నేనును ఆ పక్షమువాడనే. కావ్యములు గురుముఖమున చదివి, బడిలో వ్యాకరణము చెప్పుకొను నాకు అద్దెపుస్తకముల యంగడి ప్రేమకథ లెక్కకు రాలేదు.

నిజమునకు మన సీమకు నవల క్రొత్త గాదు. 1886లో కర్నూలు మండల వృత్తాంతమును ఇంగ్లీషున కూర్చిన నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారే, అంతకుముందు 1872లో శ్రీరంగరాజ చరిత్రమను తెలుగు నవలను ప్రకటించిరి. అది రంగరాజునకును, లంబాడీలలో పెరిగిన సోనాబాయికిని కలిగిన ప్రేమకథ. శిస్తుల లెక్కలు వ్రాసిన చేయియే దానిని వ్రాసినది!

నాకు 1982లో వివాహమైనది. మైదుకూరు దాపున కాపురము. నా గృహిణి యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు చదివెడిది. "మేడలు, కారులు గల నాయకుడు మన యూరికి వచ్చిన త్రాగుటకు నీరైన దొరకునా?" అని నేను పరిహసించెడివాడను. ఆమె బదులు పలుకదు. 1986లో ఆమె కాసులపేరు నమ్మి చేనిలో బావి త్రవ్వించితిని. ఆమెను అడుగలేదు. అఱువది యడుగులు త్రవ్వినను రాయియే గాని నీరు లేదు. ఆమె నిందింపలేదు, కాని యటుపిమ్మట మా యింట అన్నము, ఉప్పు, పాలు అను మాటలే మిగిలెను.

మఱుసటి వేసవిని ఆమెకు కండ్లకలక వచ్చినది. నవల సగములో నిలిచినది. జాలి కలిగి నేనే చదువ మొదలిడితిని. తొలినాడు బడిలో పాఠము చదివినట్లే చదివితిని. మూడవనాటికి దీపములో చమురు తీరినను విడువలేకపోతిని. ఒకచోట నాయకుడు నాయికకు తెలియకుండ ఆమె మేలుకొఱకే యేదో నిశ్చయము చేయును. కండ్లు మూసికొని వినుచున్న నా భార్య మెల్లగా, "చేసింది మంచికేలే. ఆ యమ్మిని ఒక మాట అడిగింటే యేం పొయ్యేది?" అన్నది.

నేను రెండు పంక్తులు ముందుకు చదివి ఆగిపోతిని. ఆ రాత్రి కాసులపేరు మాట, బావి మాట, ఐదేండ్లలో చెప్పుకొనని మాటలన్నియు వచ్చినవి.

ఇందలి కీలకము నాకు దోచినంత చెప్పెదను. "నీవు నన్ను అడుగలేదు" అన్నచో కలహమగును. "వాడు ఆమెను అడుగలేదు" అన్నచో విచారమగును. మౌనముగా చదువుకొన్నప్పుడు ఎవరి లోకము వారిది. బిగ్గఱగా చదివినచో రచ్చబండపై పురాణము విన్నట్లు ఇరువురును ఒక్క ఘట్టముననే నిలుతురు. మన నంద్యాల కృష్ణరాజునకు అంకితమైన పింగళి సూరన కళాపూర్ణోదయమున, ఏకాంతమున సరస్వతి కోరగా బ్రహ్మ యొక క్రొత్త కథ చెప్పును. అందలి పాత్రలు తమ ప్రణయచేష్టలకే మాఱురూపములని ఆమె గ్రహించును. పదునాఱవ శతాబ్దినాటి యా ఘట్టమును నేను విద్యార్థులకు ఎన్నియో మాఱులు బోధించితిని. నా యింటికి అన్వయించుకొనలేదు.

అయితే కథలోని నాయకునితో మగని తూచుట యన్యాయమే. పాత్రల నెపమున భార్యను దెప్పువాడు అసలు చదువకుండుటయే మేలు. నేనును ఒకటి రెండు మాఱులు అట్లు చేసి, పుస్తకము మూయించుకొంటిని.

ఇప్పుడు నా కండ్లకు మసక. ఆమెయే చదువును, నేను విందును. నాకు రుచింపని వర్ణనలను అడుగకయే దాటవేయుచున్నదని యీ నడుమనే కనిపెట్టితిని.