కందుల్లో పురుగు ఎక్కడినుండి వస్తుంది?

అర్ధవీడు నల్లమల కొండల అంచున ఉంది. ఇక్కడ చాలా చేలకు వానే దిక్కు. తొలకరిలో వేసిన కంది సంక్రాంతికి అటూ ఇటూగా ఇంటికి వస్తుంది. వచ్చిన పంటలో చాలా భాగం కళ్ళంలోనే అమ్ముడు పోతుంది. ఎందుకంత తొందర? అప్పు ఒక కారణం. పురుగు భయం ఇంకో కారణం. "ఇంట్లో పెడితే పుచ్చిపోతాయి. వచ్చినకాడికి అమ్మేద్దాం" అంటారు. ఆ తర్వాత అదే పప్పును అంగట్లో ఎక్కువ ధర పెట్టి కొంటారు. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. ఒక్క బస్తా కందులు దాచుకున్న ఇంటికి ఆ ఏడు ఎంత మేలు!

డబ్బాకు మూత గట్టిగానే పెడతాం. అయినా రెండు నెలలకు తీస్తే గింజ గింజకూ బొక్క. ఈ పురుగు ఎటునుంచి దూరింది?

బయటినుంచి దూరలేదు. చేనునుంచి మనతోనే వచ్చింది. కాయ ముదిరి ఎండే వేళ పురుగు చేలోనే కాయ మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాయలోకి, గింజలోకి తొలుచుకుపోతుంది. పైకి గింజ బాగానే కనిపిస్తుంది. లోపల తింటూ పెరిగి, రెక్కల పురుగై, గుండ్రని బొక్క చేసుకుని బయటికి వస్తుంది. వేడి కాలంలో దీనికంతా సుమారు నెల పడుతుంది. అది మళ్ళీ గింజల మీద గుడ్లు పెడుతుంది. కందులను చేతిలోకి తీసుకుని చూడండి. తెల్లని చుక్కలు అంటుకుని ఉంటే అవే గుడ్లు.

ఒక లెక్క వేద్దాం. ఒక ఆడపురుగు 80 గుడ్లు పెట్టిందనుకోండి. అందులో సగం, అంటే 40 ఆడవి. నెల తర్వాత ఆ 40 తలా 80 పెడితే 3200. అందుకే మొదటి నెలలోనే పని కానివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎండ. కందులను వట్టి నేల మీద కాకుండా పట్టా మీద పలచగా పోసి, నాలుగైదు రోజులు బాగా ఎండనివ్వాలి. ఒక గింజ పంటికింద పెట్టి కొరకండి. టక్కున పగిలితే ఎండినట్లు. పన్ను దిగితే ఇంకా తడి ఉన్నట్లు. ఎండిన గింజలను వేడిమీద డబ్బాలో పోయకూడదు. లోపల చెమ్మ పడుతుంది, బూజు పడుతుంది. చల్లారనిచ్చి పోయాలి.

తర్వాత నూనె. కిలో కందులకు ఒక చిన్న చెంచా ఆముదం గానీ, వేరే వంటనూనె గానీ వేసి, గింజ గింజకూ అంటేటట్లు కలపాలి. నూనె పొర కమ్మితే గుడ్డుకు గాలి ఆడదు, చచ్చిపోతుంది. పెద్దవాళ్ళు ఆముదం పట్టించింది ఊరికే కాదు. ఎర్రమన్ను కట్టి ఎండబెట్టే ఇళ్ళూ ఉన్నాయి. అదీ మంచిదే.

కాగులో గానీ డబ్బాలో గానీ పోశాక, పైన రెండు వేళ్ళ మందాన జల్లించిన పొడి ఇసుక పరచాలి. గింజల్లోంచి వచ్చిన పురుగులు ఆ ఇసుక దాటి పైకి రాలేవు. ఇసుక లేకపోతే చల్లారిన పొయ్యి బూడిద కలపవచ్చు. వేపాకు కొంతవరకే పనిచేస్తుంది. దాన్ని నీడన ఎండబెట్టి వెయ్యాలి. పచ్చి ఆకు వేస్తే దాని తడి గింజకు పడుతుంది.

తినే కందులను వీలైనంత త్వరగా పప్పు చేసుకోవడం ఇంకా నయం. ఈ పురుగు నున్నని నిండు గింజ మీదే గుడ్లు పెడుతుంది. పగిలిన పప్పు జోలికి అంతగా రాదు. విత్తనానికి మాత్రం నిండు గింజలే కావాలి. వాటిని వేరుగా దాచాలి.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. గోదాముల్లో వాడే విషపు బిళ్ళలు కొందరు ఇంటి బస్తాల్లో పెడతారు. గాలిలోని చెమ్మ తగిలితే చాలు, ఆ బిళ్ళనుంచి విషవాయువు వస్తుంది. అదే గదిలో పిల్లలు పడుకుంటే ప్రాణం పోవచ్చు. దానికి విరుగుడు మందు లేదు. చేలో చల్లే పురుగుమందు పొడి కూడా తినే గింజల్లో కలపరాదు. మందు పట్టించిన కొట్టు విత్తనాలు మిగిలినా సరే, వండుకోకూడదు. ఎంత కడిగినా ఆ విషం పూర్తిగా పోదు.

దాచాక నెలకొకసారి మూత తీసి, ఇసుక పక్కకు జరిపి, పిడికెడు కందులు చేటలో పోసి చూడండి. తెల్లచుక్కలు గానీ బొక్కలు గానీ కనబడితే, ఆ రోజే అన్నిటినీ మళ్ళీ ఎండకు పొయ్యాలి.