మూలదేవీయము: ఒక వర్ణవినిమయ పద్ధతి

వాత్స్యాయనుని కామసూత్రములందు పరిగణింపబడిన చతుష్షష్టి కళలలో మ్లేచ్ఛిత వికల్పములు ఒకటి. అక్షరముష్టికా కథనమునకు పిమ్మట, దేశభాషా విజ్ఞానమునకు ముందు ఇది పఠింపబడినది. పదములు సాధువులే యైనను అక్షరముల మార్పుచే అర్థము మరుగుపడుట మ్లేచ్ఛితమని జయమంగళా వ్యాఖ్యాత యశోధరుని వివరణము. అతడు చూపిన మార్గములలో మూలదేవీయ మొకటి. నేటి సంగణక శాస్త్రమున సబ్‌స్టిట్యూషన్ సైఫర్ అని వ్యవహరింపబడునది ఈ జాతిదే.

దీని లక్షణము సరళము. అ-క, ఖ-గ, ఘ-ఙ, చ-ట, ఞ-ణ, త-ప, న-మ, య-శ, ర-ష, ల-స అను పది జంటలలో ఒకదానికి మారుగా రెండవదానిని నిలుపవలెను. మిగిలిన వర్ణములకు మార్పు లేదు. ‘నగరము’ అను పదము ఈ విధిచే ‘మఖషను’ అగును. దానికి మరల ఇదే విధిని వర్తింపజేసిన ‘నగరము’ సిద్ధించును. కప్పుటకును విప్పుటకును ఒక్క పట్టికయే చాలును.

ఇట వైయాకరణులకు ఒక శంక పొడమవచ్చును: ఇది ఆదేశమే కదా, విశేషమేమి? యణాదేశమున ఇకార ఈకారములు రెండింటికిని యకారమే వచ్చును. ఇత్యత్ర, నద్యత్ర అనుచోట్ల యకారమును మాత్రము చూచి స్థాని హ్రస్వమో దీర్ఘమో నిర్ణయింపజాలము. మూలదేవీయమున ఒక్కొక్క వర్ణమునకు ఒక్కటే ప్రతివర్ణము. కావున ఇది పరస్పర వినిమయము. ఇందు స్థాని నశింపదు.

అ-క జంట మాత్రము విచారణీయము. హల్లులలోని అంతర్గతాకారమునకు సైతము కకారము వచ్చునన్నచో, ‘నగరము’ ఉచ్చారణకు లొంగని హల్లుల కుప్ప యగును. కావున స్వతంత్రమైన అకారమునకును, గుణితపు గుర్తు గాని ఒత్తు గాని లేని కకారమునకును మాత్రమే ఈ వినిమయమును గ్రహించుట యుక్తమని నా అభిప్రాయము. అట్లు ‘అమల’ ‘కనస’ యై, మరల ‘అమల’ యగును. ఇట్లేర్పడిన అకారమును పూర్వవర్ణముతో సంధి చేయరాదు.

ఈ విధిని సంగణకమునకు నేర్పువారు ఒక మెలకువ పాటింపవలెను. ‘తపము’ అను పదమున మొదట తకారములన్నిటిని పకారములుగా మార్చిన ‘పపము’ అగును. పిదప పకారములన్నిటిని తకారములుగా మార్చిన ‘తతము’ అగును. మూలము చెడినది. ప్రతి వర్ణమును ఒక్కమారే చూచి, ఒక్కమారే మార్చినచో తకార పకారములు స్థానములు మార్చుకొని, మకారము నకారమై, ‘పతను’ అను సరియగు రూపము వచ్చును. ఒక కార్యము మరియొక కార్యమునకు కనబడరాదను ఈ నియమము మన అసిద్ధత్వ భావనను స్మరింపజేయును.

ఇంత మాత్రమున ఇది అభేద్యమని పొగడుట తగదు. ఏ వర్ణమునకు ఏ వర్ణమో స్థిరముగా నుండుటచే, భాషలో మిక్కిలిగా వాడబడు వర్ణము గూఢలేఖమునందును తన ప్రతివర్ణ రూపమున మిక్కిలిగానే కనబడును. ఆవృత్తులను లెక్కించి రహస్యమును విప్పు ఈ ఉపాయమును 9వ శతాబ్దిలో బాగ్దాదున అల్-కిందీ అరబ్బీ భాషలో వివరించెను. మూలదేవీయపు విలువ అభేద్యతయందు లేదు. విధి యొకటి తన్ను తానే విప్పుకొనుటయందున్నది. అది వ్యాకరణ విద్యార్థులకు ఆదేశ వినిమయముల భేదమును బోధించుటకు చక్కని ఉదాహరణము. దీనిని పాఠమున ప్రయోగించి చూడవలసినదిగా అధ్యాపకులకు మనవి.