బిల్లు కోసం పుట్టి బోనెక్కిన పద్దు

నా బల్ల మీద పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మీటరు ఒకటి ఉంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుక్కు కుప్పలోంచి ఏరి తెచ్చుకున్నాను. ముందు చిన్న కిటికీ, కిటికీలో నాలుగు అంకెలు, వెనక తీగచుట్ట. చుట్టకు బ్యాటరీ తగిలిస్తే టిక్కుమని చివరి అంకె ఒకటి ముందుకు జరుగుతుంది. తీసి మళ్లీ తగిలిస్తే మళ్లీ టిక్కు. దానికొచ్చిన విద్య అదొక్కటే.

ఓ రోజు దాన్ని క్లాసుకు పట్టుకెళ్లాను. వెనక బెంచీ కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, అల్లర్ల కేసుల్లో కాల్ డేటా తీశాం అంటారు కదా. అంటే పోలీసులు అందరి మాటలూ విన్నట్టేనా?"

"విన్నవాడు ఎవడూ లేడురా. లెక్క రాసినవాడు ఒకడున్నాడు" అన్నాను.

"ఎవరు సార్?"

మీటరు పైకెత్తి చూపించాను. "వీడి మనవడు."

క్లాసు నవ్వింది కానీ ఆ మనవడి కథ గంట కొట్టేలోపు పూర్తి కాలేదు.

తాతతో మొదలుపెడదాం. ఒకప్పుడు ఎక్స్ఛేంజీలో ఇంటికొక మీటరు. నెల తిరగ్గానే అంకె చూసి, పోయిన నెల అంకె తీసేస్తే బిల్లు. మన అమ్మమ్మలు పాలవాడి లెక్కకు గోడ మీద బొగ్గు గీతలు గీసేవారే, అదే పద్ధతి. ఎన్ని గీతలో తెలుస్తుంది. ఏ పూట, ఎవరు తాగారో గీత చెప్పదు. ఎస్టీడీ వచ్చాక కూడా మన దగ్గర ఇదే లెక్క నడిచింది. దూరం పెరిగేకొద్దీ టిక్కులు దగ్గరపడేవి, అంతే. బూత్‌లో ఎర్రంకెలు పరిగెడుతుంటే మాట మధ్యలో ఫోన్ పెట్టేసినవాళ్లకు ఆ టిక్కుల విలువ తెలుసు. "ఇన్ని కాల్స్ మేం చేయలేదు" అని ఎవరైనా గొడవపడితే మీటరు దగ్గర జవాబు లేదు.

అంతకు ముందు జవాబు చెప్పే మనిషి ఒకరుండేవారు. ఆపరేటరు. ట్రంకు కాల్ కలిపి, ఎవరు ఎవరికి ఎంతసేపు మాట్లాడారో చీటీ మీద రాసి పెట్టేవారు. కానీ మనిషి రాస్తే మనిషి మీద అనుమానం తప్పదు. అమెరికాలో అల్మన్ స్ట్రోజర్ అనే శవసంస్కారాల వ్యాపారి, తన గిరాకీని ఆపరేటరు పోటీవాడికి కలుపుతోందని అనుమానించి, ఆ మనిషే అక్కర్లేని యంత్రానికి 1891లో పేటెంటు తెచ్చుకున్నాడని చెబుతారు. ఆపరేటరు పోయింది. ఆమెతో పాటు చీటీ కూడా పోయింది. ఆ చీటీ రాసే పని యంత్రానికి ఎలా నేర్పాలి అన్నదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కుముడి.

బెల్ కంపెనీ ఇంజినీర్లు దాన్ని విప్పిన తీరు 1948లో పెన్సిల్వేనియాలో, మీడియా అనే చిన్న ఊరి ఎక్స్ఛేంజీలో మొదటిసారి పనిలోకి దిగింది. అప్పటికి చవకైన జ్ఞాపకశక్తి ఉన్న యంత్రమే లేదు. కాల్ మొదలైనప్పటి వివరాలు తలలో పెట్టుకుని, అది ముగిసేదాకా ఆగి, మొత్తం ఒక్కసారి రాయడం కుదరదు. పైగా ఒక్క కాగితపు రిబ్బను మీదే ఎన్నో లైన్ల లెక్క పడాలి. వాళ్లేం చేశారంటే, ఒక కాల్‌ను మూడు ముక్కలుగా రాశారు.

మన టిఫిన్ హోటలు గుర్తుచేసుకోండి. సర్వరు అరుస్తాడు: "ఏడో నంబరుకు పెసరట్టు!" ఆ వెంటనే రెండో నంబరు కాఫీ, తొమ్మిదో నంబరు ఇడ్లీ. కాసేపటికి "ఏడో నంబరుకు టీ!" ఇంకాసేపటికి "ఏడో నంబరు లేచారు!" గల్లా దగ్గర కూర్చున్నాయన విన్నవి విన్నట్టు వరసగా రాసుకుపోతాడు. తీరిగ్గా చూసుకున్నప్పుడు ఏడో నంబరు కేకలన్నీ ఒకచోట చేరిస్తే అదే ఒక బిల్లు. ఆ మనిషి లేచాక అదే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, ఏడో నంబరు వారిదవుతుంది.

రిబ్బను మీద జరిగిందీ అదే. డయల్ చేయగానే "37: ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరుకు" అని రంధ్రాలు పడతాయి. అవతల ఎత్తగానే "37: ఇంత సమయం". పెట్టేయగానే "37: ఇంత సమయం". నడుమ వేరే కాల్స్ ముక్కలు ఎన్నో. అన్నీ కలిసిన ఆ రిబ్బను లెక్కల కేంద్రానికి వెళ్తుంది. అక్కడి యంత్రాలు 37లను ఏరి మూడు ముక్కలూ అతికిస్తే ఒక కాల్ పూర్తి కథ తయారవుతుంది. మాట తప్ప మిగతాదంతా అందులో ఉంటుంది. ఒక్క "లేచారు" అన్న కేక జారిపోతే మాత్రం తర్వాతివాడి టీ ముందువాడి ఖాతాలో పడుతుంది. ఈ సంగతి మనకు మళ్లీ పనికొస్తుంది.

సెల్‌ఫోన్ వచ్చాక ఈ పద్దుకు కొత్త గడి చేరింది. తీగ ఉన్న ఫోన్ ఎక్కడుందో తీగే చెబుతుంది. తీగ లేనిది ఎక్కడుందో తెలియకపోతే దానికి గంట కొట్టించడమే కుదరదు. అందుకే జేబులో ఊరికే పడున్న ఫోన్ కూడా ఒక ప్రాంతం దాటి ఇంకో ప్రాంతంలోకి వెళ్లగానే "నేనిక్కడున్నాను" అని నెట్‌వర్క్‌కు చెప్పుకుంటుంది. కాల్ కలిసినప్పుడు ఏ టవరు, ఆ టవరు మీద ఏ ముఖం దాన్ని అందుకుందో పద్దులో పడుతుంది. టవరుకు సాధారణంగా మూడు ముఖాలు, ఒక్కోటి 120 డిగ్రీల మేర చూస్తుంది. వీటికి తోడు సిమ్ గుర్తు, ఫోన్ ఒంటి మీది ఐఎంఈఐ అంకె. సిమ్ మార్చినా ఫోన్ అదే అయితే పద్దు పట్టేస్తుంది. మన దేశంలో 2003 దాకా వచ్చిన కాల్‌కు కూడా సెల్ యజమానే డబ్బు కట్టేవాడు కాబట్టి, చేసిన కాల్ ఎంత శ్రద్ధగా రాశారో వచ్చిన కాల్‌నీ అంతే శ్రద్ధగా రాశారు. ఎత్తని కాల్‌కు బిల్లు లేదు, కాబట్టి బిల్లు పద్దులో మిస్డ్ కాల్‌కు సాధారణంగా చోటు లేదు.

అంటే దీన్ని సాక్ష్యం కోసం ఎవరూ తయారుచేయలేదు. ఎవరి పక్షమూ ఎరగని గుమాస్తా, రూపాయి తప్పిపోకుండా రాసుకున్న చిట్టా ఇది. దాని బలమంతా ఆ పట్టనితనంలోనే ఉంది. బలహీనతా అక్కడే ఉంది.

ఈ చిట్టా మన దేశంలో మతకలహాల దర్యాప్తులోకి అడుగుపెట్టిన పెద్ద సందర్భం గుజరాత్, 2002. ఫిబ్రవరి 27న గోధ్రాలో సబర్మతి ఎక్స్‌ప్రెస్ ఎస్-6 బోగీ కాలి 59 మంది చనిపోయారు. మరునాడు అహ్మదాబాద్‌లోని నరోడా పాటియాలో 97 మందిని, గుల్బర్గ్ సొసైటీలో 69 మందిని గుంపులు పొట్టనబెట్టుకున్నాయి. గుంపు చేసిన హత్యలో దర్యాప్తుకు ఎదురయ్యే కష్టమే వేరు. వేల చేతులుంటాయి. బతికినవాళ్లు భయంలో ఉంటారు. మొహాలు తెలిసినా పేర్లు తెలియవు. ఇది అప్పటికప్పుడు రేగిన ఆవేశమా, ఎవరైనా కూడగట్టి నడిపించారా అన్నది అసలు ప్రశ్న.

దర్యాప్తు నాటికి అహ్మదాబాద్ పోలీసు కంట్రోల్ రూమ్‌లో ఉన్న రాహుల్ శర్మ, ఐఐటీలో చదివిన ఇంజినీరు. దర్యాప్తులో సాయం చేస్తూ, నగరంలో సేవలందిస్తున్న రెండు మొబైల్ కంపెనీల నుంచి ఫిబ్రవరి 25 మొదలు మార్చి 4 దాకా కాల్ రికార్డులు తెప్పించారు. అవి సీడీల్లో వచ్చాయి. తన కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంచుకుని అసలు సీడీలు పైకి పంపానని ఆయన చెప్పారు. దర్యాప్తు కాగితాల్లో మాత్రం అవి కనిపించలేదు. 2004లో ఆ అల్లర్లపై విచారణ జరుపుతున్న నానావతి కమిషన్ ముందు ఆయన తన దగ్గరున్న ప్రతిని బయటపెట్టారు. ఆ వరసలను తవ్వినవారిలో బాధితుల తరఫున వాదించిన ముకుల్ సిన్హా ఒకరు. ఆయనా మొదట భౌతికశాస్త్రవేత్త, తర్వాతే వకీలు. చిట్టా విప్పాలంటే లెక్కల పిచ్చి ఉన్నవాళ్లే దొరికినట్టున్నారు.

అలాంటి చిట్టాలో ఏం వెతుకుతారు? మొదటిది, "ఆ పూట నేనక్కడ లేను" అన్న మాటకూ టవరుకూ పొత్తు కుదురుతోందా అని. రెండోది ఆకారం. కాల్స్‌ను గీతలుగా గీస్తే, మామూలు రోజున చెల్లాచెదురు ముగ్గులా ఉంటుంది. ఎవరైనా నడిపిస్తున్నప్పుడు ఒక చుక్క నుంచి ఆకులు బయల్దేరిన బండిచక్రంలా మారుతుంది. మూడోది జంట నడక. రెండు ఫోన్లు రోజంతా ఒకే టవర్ల వరసలో కదులుతుంటే అవి ఒకే జేబులో ఉన్నాయేమో అనుకోవచ్చు. 2005లో బీరుట్‌లో లెబనాన్ మాజీ ప్రధాని హరీరీని బాంబుతో చంపినప్పుడు, వీసామ్ ఈద్ అనే పోలీసు అధికారి కాల్ వరసల్లోంచి రహస్య ఫోన్ల గుంపును బయటికి లాగింది ఇలాంటి లెక్కలతోనే. 2008లో ఆయన్నీ బాంబుతోనే చంపారు.

ఇక్కడే క్లాసులో నేను బోర్డు మీద అడ్డగీత కొట్టాను. చక్రం కనబడగానే కుట్ర అనేయకూడదు. అల్లర్ల రోజున నాయకుడికీ, పోలీసు అధికారికీ ఊరంతా ఫోన్ చేస్తుంది. ప్రాణాలు కాపాడమని మొరపెట్టుకున్న కాలూ, కదలండని పురిగొల్పిన కాలూ పద్దులో ఒకే తీరు గీతలు.

టవరు సంగతీ అంతే. ఫోన్ దగ్గరి టవరును వెతుక్కోదు, గట్టిగా వినబడేదాన్ని పట్టుకుంటుంది. ఎదురుగా పెద్ద భవనముంటే వెనకవీధి టవరే గట్టిగా వినబడొచ్చు. జీఎస్ఎమ్ అనే మొబైల్ పద్ధతిలో ఫోన్ ఎంత దూరాన ఉందో టవరు సుమారు 550 మీటర్ల మెట్లలో, 35 కిలోమీటర్ల దాకా కొలుస్తుంది. కానీ బిల్లుకు ఆ కొలత అక్కర్లేదు కాబట్టి సాధారణంగా పద్దులోకి ఎక్కదు. ఇంకో విడ్డూరం. ఊరు అంటుకున్న పూట అందరూ ఒక్కసారిగా ఫోన్లు చేస్తే టవర్లు నిండిపోతాయి. అప్పుడు కాల్ పక్క టవరుకు మళ్లొచ్చు. జాడ కచ్చితంగా కావలసిన రోజునే జాడ పక్కకు జరిగే ప్రమాదం.

హోటల్లో జారిపోయిన కేక గుర్తుందా? డెన్మార్క్‌లో అలాంటిదే జరిగింది. కంపెనీల ముడి వరసలను పోలీసులకు అర్థమయ్యే పట్టికగా మార్చే సాఫ్ట్‌వేర్ కొన్ని కాల్స్‌ను దారిలో వదిలేస్తోందని 2019లో తేలింది. టవర్ల జాడల్లోనూ తప్పులు దొరికాయి. 2012 నుంచి నడిచిన సుమారు 10,700 కేసులను మళ్లీ చూడాల్సి వచ్చింది. రెండు నెలల పాటు ఆ సాక్ష్యాన్నే పక్కన పెట్టారు. 32 మందిని నిర్బంధం నుంచి వదిలారు. గుమాస్తా అబద్ధమాడలేదు. అతని రాత చదివినవాడు కొన్ని వరసలు దాటేశాడు.

మన కోర్టుల్లో తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2008లో సుప్రీంకోర్టు గుజరాత్ అల్లర్ల కేసులకు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. 2012లో నరోడా పాటియా కేసులో ప్రత్యేక కోర్టు 32 మందిని దోషులుగా తేల్చింది. వారిలో ఒకరైన మాజీ మంత్రి మాయా కొద్నానీని 2018లో హైకోర్టు, సాక్షుల మాటల్లో పొంతన లేదని నిర్దోషిగా వదిలింది. ఈలోగా 2011లో, ఆ సీడీల వ్యవహారంలోనే రాహుల్ శర్మకు రాష్ట్ర ప్రభుత్వం ఛార్జిషీటు ఇచ్చింది. సీడీ కథ చట్టాన్నీ వేధించింది. ప్రతికి ప్రతి తీసిన దాన్ని నమ్మేదెలా? ఎలక్ట్రానిక్ ప్రతి ఎలా తీశారో హామీ ఇచ్చే, సాక్ష్య చట్టంలోని 65బి ధ్రువపత్రం లేకున్నా కాల్ రికార్డులు చెల్లుతాయని 2005లో పార్లమెంటు దాడి కేసులో సుప్రీంకోర్టు అంది. ధ్రువపత్రం తప్పదని 2014లో మాట మార్చుకుంది, 2020లో దాన్నే ఖాయం చేసింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో ధ్రువపత్రానికి హ్యాష్ అంకె కూడా జతచేయాలి. మొత్తం ఫైలును ఒక లెక్కలో వేసి పిండితే వచ్చే గుర్తు అది. లక్షల వరసల్లో ఒక్క సెకను మార్చినా గుర్తు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఇక రికార్డులు ఎన్నాళ్లు దాచాలి అంటే, ఏడాదిగా ఉన్న గడువును 2021 చివర్లో రెండేళ్లు చేశారు. ఆ తర్వాత గుమాస్తా చిట్టా చెరిపేసుకోవచ్చు. బిల్లు కట్టాక పాత పద్దుతో అతనికేం పని? ఎవరో ఒకరు వేళకు అడిగి, జాగ్రత్తగా దాచితేనే అది సాక్షి.

ఆశ్చర్యమేమిటంటే, ఇదంతా పుట్టకముందే 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షనులో దీనికి సరిపోయే మాట ఉంది. వ్యాపారంలో క్రమంగా రాసుకున్న ఖాతా పుస్తకాల రాతలను కోర్టు చూడొచ్చు, కానీ ఆ రాతలు మాత్రమే చూపి ఎవరి మీదా బాధ్యత మోపకూడదు. రాసినవాళ్ల మనసులో ఉన్నది కిరాణా కొట్టు చిట్టా. టవరు పద్దుకూ అతికినట్టు సరిపోతుంది. ఫోన్ ఎక్కడుందో పద్దు చెబుతుంది. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో చెప్పడానికి మనిషే రావాలి.

గంట కొట్టారు. పిల్లలు లేస్తుంటే ఆ వెనక బెంచీ కుర్రాడు బల్ల దగ్గరికొచ్చి మీటరు కిటికీలోకి తొంగిచూశాడు. "సార్, ఈ అంకె ఆ ఇంటివాళ్లు చేసిన కాల్స్‌దేనా?"

అవునని చెప్పబోయి ఆగాను. సంత నుంచి తెచ్చిన రోజు అందులో ఎంతుందో నేను రాసిపెట్టుకోలేదు. అప్పట్నుంచి ఇంటికొచ్చిన ప్రతివాడికీ, ప్రతి క్లాసుకూ టిక్కుమనిపించి చూపిస్తూనే ఉన్నాను.

"అయితే అసలు లెక్క మీరే చెరిపేశారు కదా సార్" అన్నాడు.