నాయకత్వ మెక్కడ నేర్వవలెను?

మన దేశమున నాయకులకు కొదువ లేదు. సభ యన్న చాలును, వేదికపై కుర్చీలు చాలవు. కాని పదిమంది కూడి యొక పనిని తలపెట్టి, కలహింపక, నడుమ విడువక, కడముట్టించిన దృష్టాంతములు మన యూళ్లలో వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. ఈ కొరతకు మూల మేమి? నాయకత్వ మనగా ఆజ్ఞాపించుట యని మనము బాల్యమునుండియు నేర్చుకొనుచున్నాము. ఇంటిపెత్తనమును, ఊరిపెత్తనమును చూచి పెరిగిన బాలునకు మరియొక విధమగు నాయకత్వ మున్నదని తోచుట కష్టము. దానిని నేర్పగల తావు కలదా యని యడిగినచో, కలదనియే మా సమాధానము. అది కళాశాలలోని విద్యార్థి సేవాదళము. ఇందులకు మేము చూపు ప్రమాణములు చరిత్రలో నున్నవి మాత్రమే కావు. ఖమ్మమునకును భద్రాచలమునకును నడిమి యడవిలో మేము పొందిన యొక పరాభవమును వానిలో నొకటి.

విద్యార్థులు సంఘముగా నిలుచుట తెలుగుదేశమునకు క్రొత్త గాదు. 1938వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరము పాడరాదని నిజాము ప్రభుత్వపు టధికారులు నిషేధింపగా, విద్యార్థులు చదువునైన విడిచిరి గాని పాటను విడువలేదు. బహిష్కృతులైన వారిని నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. 1991లో భారత ప్రధానమంత్రి యైన పి.వి. నరసింహారావుగారు అట్లు నాగపూరు చేరిన వారిలో నొకరు. ఒకనిని వెళ్లగొట్టినంత మాత్రమున ఆ యుద్యమ మణగిపోలేదు. భారము పలువురి భుజములపై నుండుటయే అందులకు కారణము.

1969వ సంవత్సరము జనవరిలో, తెలంగాణమునకు వాగ్దానము చేసిన రక్షణల యమలుకై ఖమ్మమున నొక విద్యార్థి నిరాహారదీక్ష బూనెను. ఆ జిల్లాలో రగిలిన యుద్యమము తెలంగాణ మెల్ల వ్యాపించెను. ఆ యేటనే, గాంధీమహాత్ముని శతజయంతి సందర్భమున, సెప్టెంబరు 24వ తేదీని జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమయ్యెను. ఒక్క సంవత్సరముననే విద్యార్థిశక్తి రెండు త్రోవలలో కానవచ్చెను: ఒకటి హక్కు నడుగు త్రోవ, రెండవది ఊడిగము చేయు త్రోవ. మొదటిదానిని గూర్చి గ్రంథములు వెలువడినవి. రెండవదానిని గూర్చి మాటాడువారు తక్కువ. కావున దానిని గూర్చియే ముచ్చటించెదము.

ఈ పథకమునకు బీజము వేసినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితు లొకరు. వారి యధ్యక్షతను నియమితమైన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యార్థులు స్వచ్ఛందముగ జాతిసేవ చేయవలెనని సూచించెను. నేటి నియమము ప్రకారము ఒక్కొక్క సేవకుడు రెండేండ్లలో 240 గంటల సేవ చేయవలెను. ఏడుదినముల ప్రత్యేకశిబిరమున పాల్గొనవలెను. కోణార్క సూర్యదేవాలయపు రథచక్రమే పథకమునకు చిహ్నము. చక్రములోని యెనిమిది పట్టీలు దివారాత్రములలోని 24 గంటలకు గుర్తులు. నేను గాదు, నీవు అనునది వారి నినాదము. ఈ చిన్నమాటను నోట పలుకుట సులభము. ఒంట బట్టించుకొనుట యెంత కష్టమో మేము చవిచూచితిమి.

ఇది యిరువదియేండ్లకు పైబడిన మాట. అప్పుడు మేము పట్టపరీక్షకు చదువుచుంటిమి. పాల్వంచ దాటి, బాట విడిచి, యడవిలోనికి కొంతదూరము పోయిన నొక కోయగూడెమున మా దళము శిబిరము వేసెను. బడియే బస. మాతో వచ్చిన యుపన్యాసకులు మమ్ము పనిజట్టు, వంటజట్టు, ఇల్లిల్లు తిరిగి వివరములు వ్రాసికొను జట్టు అని విభజించి, దళనాయకత్వమును మాకు ఒసగిరి. వక్తృత్వపు పోటీలలో బహుమానములు గడించితి మనుట దక్క, అందులకు మాకు గల యర్హత మరేమియు లేదు.

గూడెములో బోరింగు చుట్టును నీరు నిలిచి మడుగు గట్టుచుండెను. దోమల కది పుట్టినిల్లు. మలేరియాజ్వర మీ యడవిసీమను తరతరములుగా పీడించుచున్న వ్యాధి. కావున ఆ నీటిని భూమిలోనికి దింపుట కొక ఇంకుడుగుంట త్రవ్వ నిశ్చయించితిమి. బోరింగునకు దగ్గరగా నున్నదని యొకచోట మేమే గీతగీచి పలుగు వేయించితిమి. గట్టున కూర్చుండి చూచుచున్న యొక వృద్ధుడు, "అక్కడ బండ పడుతది బాబూ" అని రెండుమారులు చెప్పెను. విని తలయూపితిమి; అంతే. మరునాడు బండ తగిలెను. అప్పటికైన నాపితిమా? నాయకుడు మాట మార్చిన చులకన యగునని భయపడి, పూట యంతయు బండపైననే పలుగు వేయించితిమి. అరచేతులు బొబ్బలెక్కినవి. మూడవనాడు పనిజట్టులో సగము మంది తలనొప్పి యని పండుకొనిరి.

ఆ రాత్రి సమీక్షాసభలో వంటజట్టునకు పెద్దగా నుండిన సహాధ్యాయిని లేచి బియ్యపులెక్క చదివి యిట్లనెను: "నీళ్లకొచ్చే ఆడవాళ్లు మొదటిరోజే చెప్పారు. గుడిసెకు గుంజ పాతాలన్నా అక్కడ గుంట దిగదట. చింతచెట్టు వైపు మన్ను మెత్తనట. రెండు రోజులుగా చెబుదామని చూస్తున్నాను. సభలో మాట్లాడేది నువ్వొక్కడివే." ఎవరును నవ్వలేదు. నవ్వియుండినచో మాకు కొంత యుపశమనము కలిగియుండెడిది.

మరునా డుదయమున మేము ఆ వృద్ధుని గుడిసెకు పోయి చోటు చూపుమని వేడితిమి. ఆయన గడ్డపార తెచ్చి నాలుగుచోట్ల పొడిచి చూచి, చింతచెట్టున కీవల నొకచోట నిలిచెను. మేము గీతలు గీయుట మాని తట్ట నెత్తి కెత్తికొంటిమి. పని నడపు భారమును, సెలవులలో మట్టిపనికి పోయి చదువుకొనుచున్న యొక సహాధ్యాయున కప్పగించితిమి. అంతవర కతనిని వేదికపై నెవరును చూచియుండలేదు. అతడు ఇద్దరు త్రవ్వ, ఇద్దరు నింప, తక్కినవారు వరుసగా నిలిచి తట్ట లందించునట్లు ఏర్పాటు చేసెను. పిలువకయే గూడెపు పడుచువారు వచ్చి వరుసలో నిలిచిరి. ప్రొద్దు గ్రుంకులోపల గుంట దిగెను. అడుగున పెద్దరాళ్లు, పైన చిన్నరాళ్లు, ఆపైన ఇసుక పోసి, బోరింగునుండి కాలువ తీసితిమి. తట్టలు చేతులు మారుచుండగా నెవ డేకులమువాడో, యెవని తండ్రి కెన్ని యెకరములో యడుగు తీరిక యెవరికిని లేకపోయెను.

మేము నేర్చినది చిన్నదియే. అడిగి తెలిసికొననివాడు నడిపింపజాలడు. పని యప్పగించి యధికార మప్పగింపనివాడు పదిమంది నుంచుకొనియు నొంటరివాడే. తప్పు నొప్పుకొన్న నాయకుని మాట చులకన గాదు. నాటినుండియే యతని మాట చెల్లును. ఇది యే పాఠ్యపుస్తకముననైన నుండవచ్చును. కాని బొబ్బలెక్కిన చేతులే మాకు దాని నర్థమగునట్లు చేసినవి.

ఈ శిక్షణ యీ సీమకు కేవల మలంకారము గాదు. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టున నది 75.6 అడుగుల కెక్కెను. 2022 జూలైలో 71.3 అడుగుల కెక్కెను. ఈ చుట్టుపట్ల మండలములు కొన్ని 2014లో ఆంధ్రప్రదేశమున చేరినవి. వరద కీ సరిహద్దు తెలియదు. నీరు గడపకు వచ్చిన రాత్రి, ముసలివారిని మోయువా రెవరు, పడవకడ నిలుచువా రెవరు, అన్నము లెక్కించువా రెవరు? ఆ రాత్రికి కావలసిన యలవాటును ముందుగనే చేసికొనియుండవలెను. అప్పటికప్పుడు పుట్టు నాయకుడు కేక లేయగలడు గాని వరుస నిలుపలేడు.

ఈ దళములలో చేరువా రెల్లరు సేవాబుద్ధితోనే చేరుచున్నారని మేము చెప్పము. ధ్రువపత్రము కొరకు చేరువారు కలరు. చీపురు చేతబట్టి ఛాయాచిత్రము తీయించుకొని బస్సెక్కు దళములును కలవు. ఉపన్యాసకులు శిబిరమును లెక్కలు పూరించు తంతుగా నెంచినచోట విద్యార్థియు తంతునే నేర్చును. ఈ దోషము దిద్దుకొనదగినదే. ప్రతి శిబిరమునను రాత్రి సమీక్ష జరుగవలెను. అందు వంటజట్టు మాటకు దళనాయకుని మాటతో సమానమగు స్థానముండవలెను. గూడెపు పెద్ద నడుగక పలుగు వేయరాదు.

కొందరు తలిదండ్రులు, ముఖ్యముగా పొలముపుట్ర గలవారు, "మావాడు చదువుకొనబోయెనా, మన్ను మోయబోయెనా?" యని యడుగుచుందురు. అయ్యలారా! మీ బిడ్డ రేపు పంచాయతిలోనో, సహకారసంఘములోనో, కచేరిలోనో పదిమందికి పెద్ద కాగోరునేని, మొదట పదిమందిలో నొకడుగా నుండుట నేర్వవలదా? మైదానమునుండి యీ యడవికి వర్తకులుగా, గుత్తేదారులుగా, వడ్డీ యిచ్చువారుగా పోయినవారు చాలమంది. అడిగి నేర్చుకొనుటకు పోయినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మీ కుమారుని, కుమార్తెను చేర్పుడు. తిరిగివచ్చిన పిమ్మట శిబిరములో నేమి మాటాడితి వని యడుగవలదు. ఎవరి మాట వింటి వని యడుగుడు.